పదమూడు అరచేతులు

ఉదయం ఐదు గంటల నలభై నిమిషాలకు డ్రైవరు తాళం తిప్పాడు. లారీ "టక్" మంది. అంతకుమించి ఏమీ జరగలేదు.

రెండోసారి తిప్పాడు. మళ్లీ టక్. మూడోసారి తిప్పే ముందు స్టీరింగు మీద చెయ్యి వేసి కాసేపు కూర్చున్నాడు. ఇరవై మూడేళ్లలో ఆ లారీ రకరకాలుగా మొరాయించింది గాని, ఇలా ఒక్క ముక్క మాట్లాడి ఊరుకోవడం ఇదే మొదలు.

ఆ రోజు మధ్యాహ్నం పన్నెండు గంటలకు, తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఉన్న రవాణా శాఖ యార్డులో లారీకి ఫిట్‌నెస్ పరీక్ష ఉంది. బండి తయారై ఇరవై ఏడేళ్లయింది. ఆ వయసు బండికి మూడు అవకాశాలిస్తారు. మొదటిసారి హారన్ మోగక పరీక్ష తప్పింది. రెండోసారి హారన్ మోగింది గాని ఆగలేదు. మూడోసారి కూడా తప్పితే రిజిస్టరులోంచి నంబరు కొట్టేసి బండిని తుక్కు డిపోకి పంపుతారు. డ్రైవరుకు ఇంకో బండి లేదు. ఇంకో పని రాదు.

అందుకే ముందురోజు లారీకి రంగు వేశారు. పరీక్షకు వెళ్లే ముందు బండికి రంగు వేయించడం లారీల వాళ్ల అలవాటు. వేసింది బావమరిది. అతను అదే ఇంట్లో మేడ మీద ఉంటాడు, వీధి మొదట్లో ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేసే షాపు నడుపుతాడు. పని మొదలుపెడితే అంతు చూడనిదే వదలడు. క్యాబిన్‌కు వేశాడు, బాడీకి వేశాడు, ఇంకా రంగు మిగిలిందని లారీ కిందికి దూరి చాసిస్‌కు, అంటే కింది ఇనుప చట్రానికి కూడా వేశాడు. కనిపించిన ప్రతి బోల్టూ విప్పి, దాని కింద రంగు వేసి, మళ్లీ బిగించాడు. రెండు పూతలు. మెరుపు రావాలని నూనె కాస్త ఎక్కువ కలిపాడు. రంగు ఆకుపచ్చ.

ఐదూ నలభై అయిదుకు బావమరిది పళ్లు తోముకుంటూ మేడ దిగి వచ్చాడు.

"ఏంటి బావా, ఎవరో తలుపు కొట్టినట్టుంది?"

"తలుపు కాదు. లారీ."

"బ్యాటరీ దిగిపోయుంటుంది. లైట్లెయ్యి."

లైట్లు వేశాడు. ఎదురింటి గోడ మీద రాసిన ఇంటి నంబరు చదవగలిగేంత వెలుగు పడింది. లైట్లు ఉండగానే తాళం తిప్పాడు. టక్. లైట్లు తగ్గలేదు.

"బ్యాటరీ గుండ్రాయిలా ఉంది. అయితే సెల్ఫ్ పోయింది," అన్నాడు బావమరిది. ఇంజన్‌ను మొదట ఒక తిప్పు తిప్పి లేపే మోటారును లారీల దగ్గర అందరూ సెల్ఫ్ అనే అంటారు.

వంటింటి కిటికీలోంచి డ్రైవరు భార్య మాట వినిపించింది. "నిన్న రంగు వేసేదాకా బాగానే ఉంది కదండీ?"

"రంగుకీ సెల్ఫ్‌కీ ఏంటే సంబంధం?" అన్నాడు డ్రైవరు.

"నాకేం తెలుసు? నిన్న పొద్దున స్టార్టయింది. మధ్యాహ్నం వీడు రంగేశాడు. ఇవాళ స్టార్టవలేదు. జరిగింది చెప్పానంతే."

"అక్కా, నువ్వు మీ మిక్సీ ఆగిపోయినప్పుడు కూడా కొత్త కర్టెన్ వల్లే అన్నావు."

"అవును. కర్టెన్ జరిపినప్పుడే కదా ప్లగ్గు ఊడింది? నువ్వు మిక్సీ మొత్తం విప్పాక ఆ సంగతి కనిపెట్టావు."

బావమరిది నోరు కడుక్కోవడానికి వెళ్లాడు.

భార్య కిటికీ దగ్గరే ఉంది. "తుక్కుకి పోతే పోనీండి. పీడా పోతుంది," అంది. లారీ ఆ ఇంటికి వచ్చిన ఏడాదికి ఆమె వచ్చింది. ఎవరు ముందు వచ్చారో ఆమె ఎప్పుడూ మరిచిపోలేదు. అయితే లారీ కాగితాలు మాత్రం ఆమె బీరువాలోనే, చీరల కింద, ఏ ఏడాదివి ఆ ఏడాది వరసగా ప్లాస్టిక్ కవర్లో ఉంటాయి. మొగుడి చేతికి ఇవ్వదు. ఒకసారి ఇస్తే వాటిలో కట్టుకుని మేకులు తెచ్చాడు.

ఆరున్నరకు ఆటో ఎలక్ట్రీషియన్ స్కూటరు మీద వచ్చాడు. అతనికి ఈ పనిలో ఇరవై రెండేళ్ల అనుభవం. ఆ అంకె అతను ఎవరూ అడగకుండానే చెబుతాడు.

బ్యాటరీలకు మీటరు పెట్టాడు. ఇరవై నాలుగు వోల్టులకు పైనే ఉంది. లారీ కిందికి దూరి సెల్ఫ్ మీది రెండు బోల్టులను స్క్రూడ్రైవరుతో కలిపాడు. టక్. సుత్తితో మోటారు ఒంటి మీద నాలుగు దెబ్బలు వేశాడు. లోపల బ్రష్‌లు అరిగిపోయి ఉంటే దెబ్బకు కాస్త కదిలి ఒకసారైనా తిరుగుతుంది. తిరగలేదు. తర్వాత ఎర్త్ తీగ చూశాడు. అది ఇంజన్ నుంచి చాసిస్‌కు వెళ్లే, జడలా అల్లిన రాగి తీగ. కరెంటు మోటారులో పని ముగించుకుని తిరిగి వెళ్లే దారి అదే. దాని బోల్టుకు స్పానరు పెట్టి చూశాడు. బిగుతుగా ఉంది.

"చూశావా అన్నా, బోల్టు ఎంత నీట్‌గా ఉందో. ఎవరు బిగించారు?"

"నేనే," అన్నాడు బావమరిది.

"పనంటే ఇలా ఉండాలి."

డ్రైవరు మరోసారి తాళం తిప్పి పట్టుకున్నాడు. ఇంజన్ పక్కన చెయ్యి పెట్టుకుని నిలబడ్డ బావమరిది ఒక్క గెంతు గెంతాడు. యాక్సిలరేటరు కేబుల్ తగిలి రెండు వేళ్లు కాలాయి. కేబుల్ నుంచి సన్నగా పొగ వచ్చింది.

"పాత కేబుల్ కదా. వయసు మీద పడితే అంతే," అన్నాడు ఎలక్ట్రీషియన్.

"వయసొస్తే కేబుల్ కాలుతుందా?" అంది భార్య, వేళ్ల మీద పోయడానికి చెంబుతో నీళ్లు తెచ్చి. "రంగు వెయ్యక ముందు కాల్లేదే?"

"వదినా, ఇరవై రెండేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. కాస్త టీ ఇప్పించండి."

టీ వచ్చింది. సెల్ఫ్ మార్చాలని నిర్ణయమైంది.

సెల్ఫ్‌ను ఇంజన్‌కు మూడు బోల్టులు పట్టి ఉంచుతాయి. మొదటి రెండూ పది నిమిషాల్లో వచ్చాయి. మూడోది ముప్పై అయిదు నిమిషాలు తీసుకుంది. ఏడూ నలభైకి పద్నాలుగు కిలోల మోటారు బయటికి వచ్చింది. దాన్ని గుమ్మం ముందు స్టూలు మీద పెట్టి, కాలితో తొక్కిపట్టి, బ్యాటరీ నుంచి రెండు తీగలు నేరుగా తగిలించాడు ఎలక్ట్రీషియన్. మోటారు గిర్రున తిరిగింది.

అందరూ దాన్ని చూశారు.

"తిరుగుతోందిగా," అన్నాడు డ్రైవరు.

"కింద తిరుగుతుంది అన్నా. బరువు మీద పడితే తెలుస్తుంది. మా మామగారు కూడా ఇంట్లో బాగానే తిరుగుతారు. పనికి పంపితేనే."

అతను స్కూటరు మీద వెళ్లి, ఊరి అవతలి షాపు నుంచి బాగుచేసిన సెల్ఫ్ ఒకటి తెచ్చేసరికి తొమ్మిదింబావయింది. పది నిమిషాలు తక్కువ పదికి అది లారీకి ఎక్కింది. డ్రైవరు చేతులు కడుక్కుని, తుడుచుకుని, సీట్లో కూర్చుని తాళం తిప్పాడు.

టక్.

ఎలక్ట్రీషియన్ లారీ కింద పడుకునే ఉన్నాడు. చాలాసేపు బయటికి రాలేదు. బావమరిది వంగి చూశాడు. "అన్నా, ఉన్నావా?"

"ఉన్నాను."

"ఏం చేస్తున్నావు?"

"ఆలోచిస్తున్నాను."

ఆలోచించి, షాపు వాడు పాడైన ముక్క అంటగట్టాడని తేల్చాడు. దాన్నీ విప్పారు. దాన్నీ స్టూలు మీద పెట్టారు. ఈసారి కాలితో తొక్కిపడతానని బావమరిది ముందుకు వచ్చాడు. ఫ్యాన్ మోటార్లు వందల్లో చూశానని, మోటారంటే మోటారేనని అన్నాడు. తీగలు తగిలించగానే ఆ మోటారు అతని కాలి కిందనుంచి జారి, స్టూలు మీంచి లేచి, సిమెంటు మెట్టు మీద ముక్కు ఆన్చి పడింది. ముక్కు దగ్గరి పోత ఇనుము రెండుగా చీలింది. పడే ముందు అది కూడా గిర్రున తిరిగిందని ముగ్గురూ ఒప్పుకున్నారు.

"అంటే రెండూ మంచివే," అన్నాడు డ్రైవరు.

"రెండూ మంచివే," అన్నాడు ఎలక్ట్రీషియన్.

"ఇప్పుడు ఒకటే మంచిది," అన్నాడు బావమరిది, మెట్టు మీదున్న ముక్క తీసి.

పాత సెల్ఫ్‌ను మళ్లీ బిగించారు. పది యాభై అయింది. టక్. డ్రైవరు స్టీరింగు మీద తల ఆన్చాడు. తల తీసేసరికి నుదుటి మీద స్టీరింగు గుర్తు పడి ఉంది.

"రంగు," అంది భార్య గుమ్మంలోంచి.

ఎలక్ట్రీషియన్ స్పానర్లు సంచిలో వేసుకున్నాడు.

మిగిలింది తోయడం. వీధి చివర వాలు ఉంది. అక్కడిదాకా బండిని చేరిస్తే, వాలులో దొర్లించి గేరు వేసి ఇంజన్‌ను లేపవచ్చు. వీధిలో ఉన్నవాళ్లను పిలిచారు. లారీకి అటు ఇద్దరు, ఇటు ఇద్దరు, వెనక డోరుకు ఏడుగురు నిలబడ్డారు. ఏడుగురిలో ఎదురింటి ఇన్సూరెన్స్ ఏజెంటు ఒక చేత్తోనే తోశాడు. రెండో చేతిలో ఫోనుంది. "ఆఁ, వింటున్నా, చెప్పండి సార్... లేదు లేదు, ఖాళీయే... లారీ తోస్తున్నా, అంతే," అంటూ వాలుదాకా వచ్చాడు.

పదకొండుంబావుకు ఇంజన్ లేచింది. తోసినవాళ్లు చేతులు చూసుకున్నారు. అన్నీ ఆకుపచ్చగా ఉన్నాయి. రంగు ఇంకా ఆరలేదు.

"ఇంజన్ ఆపకు బావా. ప్రాణం పోయినా ఆపకు," అని అరుచుకుంటూ బావమరిది పరిగెత్తి క్యాబిన్ ఎక్కాడు. ఎలక్ట్రీషియన్ పనిముట్ల సంచితో ఎక్కాడు. మధ్యలో వదిలేస్తే తన అనుభవానికి మచ్చ అన్నాడు. భార్య కాగితాల కవరు ఒళ్లో పెట్టుకుని ఇద్దరి మధ్యా కూర్చుంది.

దారిలో డ్రైవరు ఒకసారే మాట్లాడాడు. "యార్డులో నేల చదును. ఇంజన్ ఆగిందా, అంతే సంగతులు."

పన్నెండుకు పది నిమిషాల ముందు యార్డు చేరారు. ముందు పదిహేను బండ్లున్నాయి. కార్లు, ఆటోలు, వ్యాన్లు. లారీ ఇదొక్కటే. వరసలో ఉన్న బండ్లు ఇంజన్ ఆపవలెనని బోర్డుంది. వాచ్‌మన్ కర్రతో బానెట్ మీద కొట్టాడు.

"ఇంజన్ ఆపు."

"బ్రేకులకి గాలి నిండాలి," అన్నాడు డ్రైవరు.

గంట తర్వాత వాచ్‌మన్ మళ్లీ వచ్చాడు. "ఇంకా నిండలేదా?"

"నిండుతోంది."

"బ్రేకులా, బెలూన్లా?"

డ్రైవరు డీజిలు ముల్లు వైపు చూస్తూ కూర్చున్నాడు. అది దిగుతోంది.

ఒంటిగంటా యాభైకి లారీ వంతు వచ్చింది. పరీక్ష చేసేది బ్రేక్ ఇన్‌స్పెక్టరు. చేతిలో అట్ట, అట్టకు ఫారం, జేబులో మూడు పెన్నులు. హారన్ కొట్టమన్నాడు. మోగింది. ఆగింది. లైట్లు వెలిగాయి. వైపర్లు ఆడాయి. బ్రేకులు పట్టాయి. ఒక్కొక్కదానికీ టిక్కు పెట్టుకుంటూ వెళ్లాడు. బావమరిది ఆ టిక్కులు వేళ్ల మీద లెక్కపెట్టుకుంటున్నాడు. తొమ్మిదయ్యాయి. మొత్తం పదకొండు.

ఇన్‌స్పెక్టరు లారీ వెనక్కి వెళ్లి అక్కడే ఆగిపోయాడు.

"ఏంటివి?"

వెనక డోరు మీద, నడుము ఎత్తులో, అరచేతుల గుర్తులున్నాయి.

"డిజైన్ సార్," అన్నాడు బావమరిది.

ఇన్‌స్పెక్టరు పెన్నుతో ఒక్కొక్కటీ చూపిస్తూ లెక్కపెట్టాడు. చివరిదాకా వెళ్లి మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు.

"డిజైన్ అయితే జతలుండాలి కదయ్యా. పదమూడేంటి?"

"ఒకాయన ఫోన్లో ఉన్నాడు సార్."

చెప్పాక బావమరిది తన నోటి మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఆ చెయ్యి కూడా ఆకుపచ్చగానే ఉంది. భార్య తమ్ముడి వైపు చూడలేదు. ఎలక్ట్రీషియన్ సంచిలో ఏదో వెతికాడు.

ఇన్‌స్పెక్టరు నడుచుకుంటూ క్యాబిన్ దగ్గరికి వచ్చాడు. "ఇంజన్ ఆపు."

"సార్, గాలి..."

"ఆపవయ్యా."

డ్రైవరు ఆపాడు. పదకొండుంబావు నుంచి మోగుతున్న చప్పుడు ఆగింది.

"ఇప్పుడు స్టార్ట్ చెయ్యి."

టక్.

"ఇంకోసారి."

టక్.

డ్రైవరు దిగి వచ్చి చేతులు జోడించాడు. "సార్, ఇరవై మూడేళ్లుగా దీని మీదే బతుకుతున్నాను. ఒక్క రోజు టైమివ్వండి. పొద్దున్నుంచీ రెండు సెల్ఫ్‌లు మార్చాను. రెండూ మంచివే సార్."

"రెండూ మంచివైతే ఎందుకు స్టార్టవలేదు?"

డ్రైవరు ఎలక్ట్రీషియన్ వైపు చూశాడు.

"చూడవయ్యా, నీ మీద నాకేం కక్ష లేదు. ఇది మూడోసారి. ఈ ఫారం నేను తయారుచేసింది కాదు." ఇన్‌స్పెక్టరు రెండో పెన్ను తీసి రాశాడు. కారణం: బండి దానంతటది స్టార్టు కాదు. నిర్ణయం: తుక్కు. సంతకం పెట్టాడు. టైము వేశాడు. రెండూ ఇరవై అయిదు.

ఫారంలో సంతకం గడి కింద ఇంకో గడి ఉంది. అందులో చాసిస్ నంబరు అచ్చు తీసి అంటించాలి. ఇనుము మీద చెక్కిన అంకెల మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే అచ్చు వస్తుంది. రెండు పూతల రంగు కింద అంకెలు కనిపించలేదు. చివరి రెండు అంకెల మీదికి జడలాంటి ఆ ఎర్త్ తీగ చివరి ప్లేటు అడ్డం వచ్చింది.

"ఆ తీగ విప్పు. రంగు గీకు," అన్నాడు ఇన్‌స్పెక్టరు ఎలక్ట్రీషియన్‌తో.

ఎలక్ట్రీషియన్ బోల్టు విప్పి ప్లేటు పక్కకు తీశాడు. ప్లేటు కింద ఆకుపచ్చగా ఉంది. బోల్టు మరల్లోనూ రంగే. పొద్దున స్పానరుతో బిగుతు చూసిన బోల్టు అదే. రాగికీ ఇనుముకీ మధ్య రంగు ఉంటే కరెంటు దాటదు. మోటారుకు వెళ్లిన కరెంటుకు తిరిగి వచ్చే దారి లేక, యాక్సిలరేటరు కేబుల్ వెంట పాకింది. కేబుల్ అందుకే కాలింది.

నంబరుకు అవసరమైన దానికంటే చాలా ఎక్కువ మేర గీకాడు. ప్లేటును రెండు వైపులా గీకాడు. బోల్టును తీగల బ్రష్‌తో రుద్దాడు. ఇన్‌స్పెక్టరు అచ్చు తీసుకుని వెళ్లాక తీగను మళ్లీ బిగించి, బయటికి వచ్చి, డ్రైవరు భార్య పక్కన నిలబడ్డాడు.

"ఏం కనిపించింది తమ్ముడూ?" అందామె.

"రంగు, వదినా."

ఆమె గొంతు తగ్గించి, "పొద్దున్నుంచీ నేనేం చెబుతున్నాను?" అంది.

"సంతకం అయిపోయింది వదినా. ఇప్పుడు చెబితే అన్న గుండె ఆగిపోతుంది."

"ఆగితే లేపడానికి దానికి సెల్ఫ్ కూడా లేదు. ఊరుకో."

డ్రైవరు గోడ పక్కన పాత టైరు మీద కూర్చుని ఉన్నాడు. క్యాబిన్లోంచి తన సామాను దించుకున్నాడు. తువ్వాలు, నీళ్ల సీసా, కళ్లజోడు పెట్టె, ఒక జత చెప్పులు. భార్య వెళ్లి పక్కన కూర్చుంది.

"కాగితాలు కూడా ఇచ్చెయ్యాలంటారా?" అందామె.

"అడిగితే ఇవ్వాలి."

ఆమె కవరు తీసి అన్నీ ఉన్నాయో లేదో చూసుకుంది. ఉన్నాయి. మళ్లీ కవర్లో పెట్టి కొంగు కింద దాచుకుంది. "నిన్న నేను పీడా పోతుందన్నానా, ఇవాళన్నానా?"

"ఇవాళ పొద్దున."

"ఊరికే అన్నాను."

మూడూ ముప్పై అయిదుకు డిపార్ట్‌మెంటు రికవరీ బండి వచ్చింది. చెడిన బండ్లను లాక్కెళ్లేది అదే. దాని డ్రైవరు బయట తిప్పుకుని, వెనక్కి నడుపుతూ గేటులోంచి వచ్చి, లారీ ముందు ఆపాడు. బండి సగం లోపల, సగం బయట. రెండు గేటు స్తంభాల మధ్య సరిగ్గా పట్టింది. అతను ఇంజన్ ఆపి, దిగి, ఇనుప కడ్డీతో తన బండి వెనక భాగాన్ని లారీ ముందు భాగానికి బిగించాడు. తర్వాత లాగ్ బుక్కు తీసి ఆ రోజు పేజీ నింపాడు. చేసే పని చేసే ముందే రాసేయడం అతని పద్ధతి. తర్వాత రాయడానికి బద్ధకం వేస్తుందని చెప్పాడు. సీట్లో కూర్చుని తాళం తిప్పాడు.

టక్.

యార్డులో నలుగురు మనుషులు ఒకేసారి తలెత్తారు.

టక్, అంది రికవరీ బండి మళ్లీ.

"సెల్ఫ్," అన్నాడు బావమరిది.

"నువ్వు నోర్ముయ్," అంది అతని అక్క. తర్వాత రికవరీ డ్రైవరును అడిగింది. "దీనికీ రంగు వేశారా?"

"డిపార్ట్‌మెంటు బండికి రంగెవరు వేస్తారమ్మా?"

యార్డుకు గేటు ఒకటే. లోపల పరీక్ష అయిపోయి కాగితాల కోసం ఆగిన బండ్లు పద్నాలుగున్నాయి. ఇన్‌స్పెక్టరు కారు కూడా లోపలే ఉంది. హారన్లు మొదలయ్యాయి. ఇన్‌స్పెక్టరు డిపార్ట్‌మెంటు షెడ్డుకు ఫోను చేశాడు. ఫిట్టరు రేపు వస్తాడన్నారు. ఐదింటికి ఆఫీసు మూసేస్తారు. బండిని తోయించబోయారు. వెనక తుక్కు లారీ తగిలించి ఉంది, కడ్డీ మేకు పట్టేసి ఊడి రాలేదు. పచ్చి రంగు అంటుతుందని లారీని ఎవరూ ముట్టుకోలేదు, అందరూ రికవరీ బండినే పట్టుకున్నారు. అలా రెండు బండ్లనూ కలిపి తోయడం పద్నాలుగు మంది వల్ల కాలేదు. ఇన్‌స్పెక్టరు చొక్కా వీపు తడిసింది. నాలుగూ ఇరవై అయింది.

అప్పుడు భార్య టైరు మీంచి లేచింది.

"ఏవండీ, ఒకసారి వెళ్లి తాళం తిప్పండి."

"ఎందుకే? పుండు మీద కారం చల్లుకోవడానికా?"

"తిప్పండి. నా మాట ఈ పొద్దు ఒక్కటీ వినలేదు. ఇదొక్కటి వినండి."

డ్రైవరు వెళ్లి కూర్చున్నాడు. తిప్పాడు. ఇంజన్ ఒక్క తిప్పుకు లేచింది.

అతను ఆపాడు. తిప్పాడు. లేచింది. మళ్లీ ఆపి, మళ్లీ తిప్పాడు. కిందికి దిగలేదు. స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. పరిగెత్తుకొచ్చిన వాళ్లలో ముందున్నది ఇన్‌స్పెక్టరు.

"ఏవయ్యా, స్టార్టయింది! ఇంకేం, ముందుకి నెట్టు. కడ్డీ ఎటూ ఉంది. మా రికవరీ బండిని గేటు దాటించి షెడ్డుదాకా తోసుకెళ్లు, ఆరు వందల మీటర్లే."

డ్రైవరు గేరు మీద చెయ్యి వేశాడు.

"ఆగండి," అంది భార్య. కిందనుంచే. "సార్, తుక్కు బండి ఇంజన్ మీద కదలకూడదు. మీరు సంతకం పెట్టిన కాగితంలో నాలుగో లైను."

ఇన్‌స్పెక్టరు అట్ట తిప్పి చదివాడు. నాలుగో లైను అదే.

"అమ్మా, ఇది అవసరం కదా."

"రోడ్డు మీద ఎవరైనా ఆపితే? ఫిట్‌నెస్ లేని బండి డిపార్ట్‌మెంటు బండిని నెడుతోందంటే, అడిగేది మమ్మల్ని కాదు సార్, మిమ్మల్ని." ఆమె కొంగు కిందనుంచి కవరు తీసింది. "కాగితం ఇవ్వండి, బండి కదులుతుంది. మావన్నీ వరసగానే ఉన్నాయి."

హారన్లు ఆగలేదు. ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకున్నాడు. మూడో పెన్ను తీశాడు. మళ్లీ పరీక్ష చేసినట్టు, సెల్ఫ్ మంచి స్థితిలో ఉన్నట్టు, మొదటి నిర్ణయం రద్దయినట్టు రాశాడు. ఏడాదికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇచ్చాడు. దాని మీద టైము నాలుగూ యాభై. ఆమె రెండుసార్లు చదివి, కవర్లో ఈ ఏడాది కాగితాల పైన పెట్టింది.

ఐదుకు రెండు నిమిషాల ముందు లారీ కదిలింది. ఇన్‌స్పెక్టరు వెనక నిలబడి, "పోనీ, పోనీ," అంటూ డోరు మీద చేత్తో చరిచాడు. తర్వాత అరచెయ్యి చూసుకున్నాడు.

ముందు రికవరీ బండి, మధ్యలో కడ్డీ, వెనక లారీ. రోడ్డు మీద చూసినవాళ్లు రికవరీ బండి లారీని లాక్కెళ్తోందనే అనుకున్నారు. లాగ్ బుక్కులోనూ అలాగే ఉంది. "కదలని లారీ ఒకటి తుక్కు డిపోకి తరలించబడినది." పేజీలకు నంబర్లున్నాయి, కొట్టివేతలు చెల్లవు.

షెడ్డులో మేకు కొట్టి కడ్డీ ఊడదీయించుకుని, సాయంత్రం ఆరు గంటలకు లారీ ఇంటి ముందు ఆగాక, భార్య వెనక డోరు మీది అరచేతులు లెక్కపెట్టింది. పద్నాలుగు ఉన్నాయి.